పాత కరణం లెక్కలో నేటి రాజకీయం: ఎనిమిది పేజీల చరిత్ర కామిక్ ఎలా చేయాలి

చరిత్ర బొమ్మల కథలో నేటి రాజకీయం కనపడాలంటే చాలామంది మొదట చేసే పని ఇప్పటి నాయకుడి ముఖం తెచ్చి పాత తలపాగా కింద అతికించడం. మొదటి గడిలో నవ్వొస్తుంది, రెండో గడికి పాతబడుతుంది, ఎన్నికలు అయిపోయాక ఆ ముఖం ఎందుకుందో కూడా గుర్తుండదు. రాయలసీమ చరిత్రకు ఆ అవసరమే లేదు. భూమి కొలతలు, నీటి వాటాలు, రాజధాని, పేర్ల మార్పు: ఇవన్నీ ఇక్కడ తాతల కాలం నుంచి తెగని పంచాయితీలు. పాత సంగతిని సరిగ్గా గీసి పెడితే పోలిక చదివేవాళ్ళే పెట్టుకుంటారు. వాళ్ళు పెట్టుకున్న పోలికకే నవ్వు గట్టిగా వస్తుంది.

ఇక్కడ చెప్పే కామిక్ ఏ5 సైజు, ఎనిమిది పేజీలు, నలుపు తెలుపు. ఒక్కో కాపీకి రెండు ఏ4 కాగితాలు చాలు. ఊళ్ళోని ఏ జిరాక్స్ షాపులోనైనా అవుతుంది.

సంగతిని పట్టుకోవడం

మనిషిని కాదు, ఒక ఏర్పాటును ఎంచుకోండి. పన్ను, కొలత, కాలువ, కచేరీ (సర్కారు ఆఫీసు) లాంటిది. దానికి మూడు ఉండాలి: చెప్పగలిగే సంవత్సరం, చేత్తో పట్టుకోగలిగే ఒక వస్తువు, దాని వల్ల ఊళ్ళో లాభపడేవాడూ నష్టపోయేవాడూ. వస్తువు లేకపోతే పాత్రలు నిలబడి మాట్లాడుకోవడం తప్ప గీయడానికి ఏమీ మిగలదు. మొదటిసారి చేసేవాళ్ళ కథలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

సీమలో సంగతులకు కొదవ లేదు. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ, రాజుగారి ఖజానా సొమ్మును అడక్కుండా ఖర్చు పెట్టాడని, శిక్షకు ముందే తన కళ్ళు తానే పొడుచుకున్నాడని స్థలకథ. దాన్ని వాడితే 'అంటారు' అనే మాట తప్పకుండా పెట్టాలి. కర్నూలు-కడప కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ, వడ్డీకి ప్రభుత్వ హామీ పెట్టుకుని తవ్వింది. గిట్టుబాటు కాక చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు (ఈ ప్రాంతానికి అప్పటి పేరు అది) 'రాయలసీమ' అని పేరు పెట్టారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయినప్పుడు చాలా కచేరీలు గుడారాల్లో నడిచాయి. ఈ చివరిది నోరూరించే సంగతే గానీ మొదటి కామిక్‌కు వద్దు. ఆనాటి వాళ్ళ పిల్లలు, మనవలు మన మధ్యే ఉన్నారు కాబట్టి ప్రతి బొమ్మలోనూ ఎవరో ఒకరి తాత కనిపిస్తాడు. నూటయాభై ఏళ్ళ దూరం ఉంటే చేయి స్వేచ్ఛగా ఆడుతుంది.

మనం 1802 నాటి భూమి సర్వే తీసుకుందాం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ప్రధాన కలెక్టరు. 1802లో మొదలైన సర్వే 1806 దాకా సాగింది. కొలిచింది 33 అడుగుల గొలుసుతో. 33ను 33తో హెచ్చిస్తే 1,089 చదరపు అడుగులు, అలాంటివి 40 కలిపితే ఎకరా. వస్తువు దొరికింది: గొలుసు. కథ పేరు కూడా అదే పెట్టండి.

ఆధారాలు

నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమ 'జరిగింది', కుడి 'మనం కల్పించింది'. ఎడమవైపు కనీసం పన్నెండు ముక్కలు చేరేదాకా పెన్సిలు పట్టొద్దు. కడప ఎర్రముక్కపల్లెలోని సీపీ బ్రౌన్ గ్రంథాలయంలో కైఫీయతులు చూడండి. కర్నల్ మెకంజీ అనే కంపెనీ సర్వే అధికారి మనుషులు ఊరూరా తిరిగి, ఊరి భూమి లెక్కలు రాసే కరణాల దగ్గర రాయించుకున్న ఊరి చరిత్రలవి. ఊరి పొలిమేరలు, ఇనాములు, చెరువులు, తగాదాలు అన్నీ ఉంటాయి. కొత్తగా కల్పించనక్కరలేనంత హాస్యం వాటిలోనే దొరుకుతుంది. జిల్లా గెజిటీర్లలో రెవెన్యూ అధ్యాయం ఒక్కటి చదివినా సర్వే పద్ధతి తెలుస్తుంది.

చూడాల్సిన ఇంకో వస్తువు కడితం. ఆ కాలపు కరణం లెక్కల పుస్తకం. పొడుగాటి గుడ్డకు రెండువైపులా బొగ్గుపొడి కలిపిన జిగురు పట్టించి, ఆరాక విసనకర్రలా మడతలు పెడతారు. నల్లటి ఆ గుడ్డ మీద బలపంతో తెల్లగా రాస్తారు. ఇప్పుడు అసలు సంగతి: రాసింది చెరిపి మళ్ళీ రాయొచ్చు. గొలుసు ఇనుముది, సాగదు. కడితం గుడ్డది, తుడిస్తే పోతుంది. ఈ రెండింటినీ ఒకే గడిలో పక్కపక్కన గీస్తే చాలు, కథ తయారైనట్టే.

ఎవరు మాట్లాడాలి

ఐదుగురు చాలు: కరణం, ఊరిపెద్ద, చాటింపు వేసే తలారి, ఒక రైతు, గొలుసు మోసే సర్వేవాడు. ఊరిపెద్దను మునసబు అని రాయకండి, గ్రామ మునసబుల చట్టం 1816లో వచ్చింది. మన్రోను అసలు చూపించొద్దు. ఏళ్ళ తరబడి డేరాల్లోనే మకాం వేసి తిరిగిన మనిషి కాబట్టి దూరంగా కొండ కింద తెల్లటి డేరా ఒకటి గీయండి. ప్రతి పేజీలోనూ ఆ డేరా కాస్త పెద్దదవుతూ రావాలి. అధికారం దగ్గరపడుతోందని వేరే చెప్పనక్కర లేదు.

వీళ్ళు కాక బంగారక్క, జుట్టుపోలిగాడు కావాలి. తోలుబొమ్మలాటలో కథ ఆపి ఊరి సంగతులు ఎత్తి నవ్వించే జంట అది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ బొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు. వెళ్ళి చూసి కీళ్ళు ఎక్కడెక్కడ కట్టారో, చేతికి పుల్ల ఎక్కడ తగిలించారో గీసుకోండి. మిగతా పాత్రలను మామూలు మనుషుల్లా గీసి, ఈ ఇద్దరినే పుల్లలు కనపడేలా బొమ్మల్లా గీయాలి. వాళ్ళు ఆ కాలానికి బయట ఉన్నారని అప్పుడు కంటికే తెలుస్తుంది. ఇక నియమం ఒకటే: ఈ కాలపు మాట ఏదైనా ఈ ఇద్దరి నోటే రావాలి, అదీ కథ మొత్తంలో రెండుసార్లకు మించకూడదు. కరణం నోట 'ఆన్‌లైన్' అని పలికించారా, 1802 కూలిపోతుంది. ఆ తర్వాత ఎంత శ్రద్ధగా గీసినా చదివేవాడు నమ్మడు.

కథను పేజీలుగా కోయడం

1వ పేజీ అట్ట, 8వ పేజీ వెనక అట్ట. మధ్యలో ఆరు పేజీలు, పేజీకి ఐదు గళ్ళు. ఆరు గళ్ళు పెడితే తెలుగు అక్షరాలకు చోటు చాలదు.

2వ పేజీలో దండోరా. గొలుసు వస్తోందని చాటింపు. ఊరిపెద్ద: "గొలుసా? ఎవుర్ని కట్టేసేదానికప్పా?" తలారి: "మనుసుల్ని కాదు సామీ, మళ్ళను." 3వ పేజీ రాత్రి, కరణం ఇంటి అరుగు. శిస్తు తగ్గాలని ఒక్కొక్కరే వచ్చి భూమిని తగ్గించి రాయించుకుంటారు. సర్వేకు ముందు ఎకరాల లెక్క జనం నోట ఉండదు, ఎన్ని తూముల విత్తనం పడుతుందన్నదే కొలత. కాబట్టి రైతు ఇలా అనాలి: "నాలుగు తూముల చేనా? యాడిది సామీ! రెండు తూములు రాళ్ళే గదా." కరణం బలపంతో 'రాళ్ళు' అని రాస్తాడు. 4వ పేజీలో గొలుసు పరుస్తారు. 5వ పేజీలో మలుపు: ఎద్దులకు, విత్తనాలకు కంపెనీ తకావి అప్పులు ఇస్తోందని, భూమి ఎంతుంటే అప్పు అంతని పుకారు. తకావి ఇవ్వడం జరిగిన విషయమే, ఈ పుకారు మాత్రం మన కల్పన. 6వ పేజీలో అదే జనం, అదే అరుగు. అదే రైతు: "సామీ, ఆ రాళ్ళు నిన్ననే ఏరేసినాం. నేల అని రాసుకో."

రేషన్ కార్డు దగ్గర భూమిని ఒకలా, పెట్టుబడి సాయం దగ్గర ఇంకోలా చెప్పిన ప్రతి ఇంటివాళ్ళూ ఇక్కడ ఆగి నవ్వుతారు. ఆ రెండు మాటలూ మీరు ఎక్కడా రాయొద్దు.

ఈ 6వ పేజీ నాలుగో గడిని బాగా దగ్గరగా చూపండి. మనిషి వద్దు, కరణం చేయి మాత్రమే. వేళ్ళకు బలపం పొడి. తడిగుడ్డ కడితం మీద సగం దూరం వెళ్ళి ఉంటుంది: 'రా' పోయింది, 'ళ్ళు' మిగిలింది, పక్కన అంకె చెదిరి తెల్లటి మరకైంది. అంకెలు తెలుగువే వేయండి, ౧ ౨ ౩ ౪. మడతల అంచుల్లో బొగ్గు రంగు వెలిసి గుడ్డ పోగులు బయటపడాలి, ఆ లెక్క ఎన్నిసార్లు తుడిచారో ఆ పోగులే చెప్తాయి. గడి మూలలో జుట్టుపోలిగాడు: "ఏమే, సర్వర్ డౌనా?" బంగారక్క: "కాదురా, గుడ్డ తడిసింది."

7వ పేజీలో లెక్క కూడితే ఊరి భూమి పొలిమేర కన్నా ఒకటిన్నర రెట్లు తేలుతుంది. చెరువు, గుట్ట కూడా ఎవరి పేరు మీదో ఎక్కి ఉంటాయి. సర్వేవాడు: "మిగిలిన నేల యాడుండాది?" కరణం పలకడు. బంగారక్క: "మిద్దె మింద మిద్దె కట్టినట్టు నేల మింద నేల ఉండాది సామీ." చివరి గడిలో మాటలు వద్దు. నల్లటి ఖాళీ కడితం, దాని మీద పడి ఉన్న గొలుసు.

మాట్లాడే భాష కథ జరిగే చోటుదే అయ్యుండాలి. కడప దిక్కున 'బ్బీ', అనంతపురం దిక్కున 'అప్పా' అని పిలుస్తారు. ఒకే పాత్ర నోట రెండూ పెడితే ఇక్కడివాళ్ళు వెంటనే పట్టేస్తారు. చోటు విషయంలో ఇంకో జాగ్రత్త: కథను కర్నూలు పట్టణంలో పెట్టకండి. 1839 దాకా అది నవాబు చేతిలోనే ఉంది. పత్తికొండ, గుత్తి, జమ్మలమడుగు వైపు పెట్టుకోండి.

గీయడం

అసలు బొమ్మ ఏ4 సైజులో గీసి 71 శాతానికి తగ్గించి ఏ5 చేయాలి. 150 నుంచి 200 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ కాగితం తీసుకోండి. మామూలు జిరాక్స్ కాగితం మీద ఇంకు పాకుతుంది. చుట్టూ 15 మిల్లీమీటర్లు వదిలితే 180 బై 267 మిల్లీమీటర్ల చోటు మిగులుతుంది. మూడు వరుసలు, మధ్య సందు 5 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కో వరుస సుమారు 85 మిల్లీమీటర్ల ఎత్తు.

33 అడుగుల గొలుసు పరిచిన గడికి వరుస మొత్తం ఇవ్వాలి. ఐదున్నర అడుగుల మనిషికి ఆరు రెట్లు కాబట్టి 180 మిల్లీమీటర్ల వెడల్పులో మనిషి ఎత్తు 30 మిల్లీమీటర్లు. ఈ లెక్క తప్పితే గొలుసు మెడలో వేసుకునేదిలా కనిపిస్తుంది.

రేఖలకు 0.5 మైక్రోటిప్ పెన్ను, దుస్తుల మడతలకు 0.3. అంతకన్నా సన్నం వద్దు, తగ్గించాక 0.3 కాస్తా 0.2 అవుతుంది, ఇంకా సన్ననిదైతే జిరాక్సులో తెగిపోతుంది. పెద్ద నలుపులకు నీటికి కరగని ఇండియన్ ఇంకు, 2వ నంబరు కుంచె. కడితం నల్లగా నింపేసి, తెల్ల అక్షరాలు తర్వాత తెల్ల పోస్టర్ కలర్‌తో వేయండి. పెన్సిలు నీడలు, పలుచని బూడిద రంగు పూతలు పెట్టొద్దు. జిరాక్సు యంత్రం వాటిని మాయం చేస్తుంది, లేదా మచ్చలుగా తెస్తుంది. నీడ కావాలంటే గీతలతో, చుక్కలతోనే. గుట్టల బండలకు చుక్కలు బాగా కుదురుతాయి.

కాలానికి అతకనివి కంటిని మోసం చేసి దూరిపోతాయి. సర్కారు తుమ్మ గీయకండి, అది 1870లలో వచ్చిన చెట్టు. నల్లతుమ్మ, చింత, వేప, కానుగ వేయండి. చేలో వేరుశనగ కాదు, కొర్ర, జొన్న, ఆరికె, పత్తి. దీపంలో కిరసనాయిలు కాదు, ఆముదం. డబ్బు వరహాలు, రూకలు. లేపాక్షి పైకప్పు చిత్రాల్లోని పొడుగాటి కుళ్ళాయి టోపీలు ఎంత ముద్దొచ్చినా 1802 వాళ్ళ తలల మీద పెట్టకండి, అవి విజయనగర కాలపువి. విరూపణ్ణ కథ చేసినప్పుడు మాత్రం అవే మీకు అసలైన నమూనా.

తెలుగు అక్షరాలు వేయడం

తెలుగు కామిక్కులు ఎక్కువగా చెడేది బొమ్మలో కాదు, అక్షరాల్లో. గడికి పదిహేను మాటలు, పేజీకి అరవై దాటకూడదు. మాటలు ముందు రాసి బుడగ తర్వాత గీయండి, అక్షరాలకూ బుడగ గీతకూ మధ్య 3 మిల్లీమీటర్లు ఉండాలి. బుడగ ముందు గీస్తే అక్షరాలు ఇరుకున పడతాయి, మన పదాలు పొడుగు. బుడగలు నిలువుగా కాక అడ్డంగా సాగేలా ఉంచండి. పదాన్ని మధ్యలో విరిచి కింది వరుసకు దింపొద్దు, ఇమడకపోతే ఆ వాక్యాన్నే తిరగరాయండి.

చేత్తో రాస్తే ఏ4 మీద అక్షరం ఒళ్ళు 4 మిల్లీమీటర్లు. కంప్యూటర్‌లో అయితే తగ్గింపుకు ముందు 14 పాయింట్లు, అచ్చులో అది 10 అవుతుంది. వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టండి. ఇంగ్లీషు కామిక్కుల కొలత పెడితే పై వరుసలోని 'ష్ట్ర' ఒత్తులు దిగి కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. మాటలకు మండలి, అట్ట మీద పేరుకు రామభద్ర బాగుంటాయి, రెండూ ఉచితమే. ఇంక్‌స్కేప్‌లో ఒత్తులు సరిగ్గా పడతాయి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోకపోతే 'క్ష' విడిపోయి 'క్‌ష' అవుతుంది. డీటీపీ సెంటర్‌కు ఇచ్చేటప్పుడు మాటలను విడిగా ఇవ్వకండి. అక్కడ చాలాచోట్ల అను ఫాంట్లే వాడతారు, యూనికోడ్ అక్షరాలు అందులో అతికిస్తే చెత్త గుర్తులుగా మారతాయి. అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి.

అచ్చుకు ముందు చూసుకోవాల్సినవి

కరణం కొలువును నవ్వండి, కులాన్ని కాదు. పాత్రలకు ఇంటిపేర్లు, కులం తోకలు పెట్టకండి, ఊరికి నిజం పేరు వద్దు. బొట్టు, జంధ్యం, టోపీ లాంటివి నవ్వు కోసం పెద్దవి చేసి గీయకండి. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, వర్గాల మధ్య వైరం పెంచడానికి 196వ సెక్షన్ ఉన్నాయి. ఎన్నికల సమయంలో తెస్తే ప్రచురించినవాళ్ళ పేరు, ముద్రించినవాళ్ళ పేరు, చిరునామాలు తప్పనిసరిగా వేయండి. ఎన్నికల కరపత్రమని ఎవరైనా అంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ కింద అడిగేది అవే.

వెనక అట్ట మీద 'జరిగింది', 'కల్పించింది' అని రెండు చిన్న పేరాలు వేయండి. నోటుబుక్కులో పేజీని రెండు చేసింది ఇందుకే. ఇది లేకపోతే మీ జోకును చరిత్రగా చదివి నలుగురికి చెప్పేవాళ్ళు తయారవుతారు. పుకారు గురించి కథ చేసి మనమే పుకారు పుట్టించకూడదు.

ముద్రణ

స్కానింగు 600 డీపీఐ, నలుపు తెలుపు మోడ్‌లో. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి పేజీల జతలు ఇలా పేర్చాలి: మొదటి కాగితం ముందు 8, 1, వెనక 2, 7. రెండో కాగితం ముందు 6, 3. వెనక 4, 5. రెండువైపులా అచ్చు వేసేటప్పుడు 'షార్ట్ ఎడ్జ్' వైపు తిప్పమని షాపతనికి చెప్పండి. లాంగ్ ఎడ్జ్ అయితే వెనక పేజీలు తలకిందులవుతాయి. యంత్రం అంచుల్లో కొన్ని మిల్లీమీటర్లు అచ్చు వేయదు, మీరు వదిలిన అంచు అందుకు సరిపోతుంది.

మడత నడుమ రెండు పిన్నులు కొట్టాలి. పొడుగు స్టాప్లర్ లేకపోతే మామూలు స్టాప్లర్‌ను పూర్తిగా తెరిచి, కాగితం కింద థర్మోకోల్ ముక్క పెట్టి నొక్కి, పిన్ను కాళ్ళను చెంచా వెనకతో లోపలికి వంచండి.

మొదట ఇరవై కాపీలే తీయండి. ముగ్గురికి ఇవ్వండి: భూమి ఉన్న ఒక రైతు, కచేరీలో పనిచేసే ఒకరు, పదో తరగతి చదివే పిల్ల. చదువుతుండగా ఏమీ వివరించొద్దు. పిల్ల ఎక్కడైనా వెనక్కి తిప్పి చూసిందంటే అక్కడ గడి వరుస తప్పింది. చదివాక "ఇదెవరి గురించి అనుకున్నారు?" అని అడగండి. ముగ్గురూ ఒకే నాయకుడి పేరు చెప్తే మీ బొమ్మలో ఎక్కడో అతని పోలిక దొర్లింది, ముక్కు, మీసం, నిలబడే తీరు చూసి మార్చండి. రైతు తన పక్క పొలం వాడి పేరు, ఉద్యోగి తన పై అధికారి పేరు చెప్తే మిగతా కాపీలు తీయించుకోవచ్చు.